స్టాప్‌వాచ్ మంచిదే, నమ్మలేనిది బొటనవేలిని

ముందు రేటింగ్. అయిదుకి మూడున్నర ఇద్దామనుకున్నాను, ఇక్కడ సగం నక్షత్రం లేదు కాబట్టి నాలుగు ఇచ్చాను. డెలివరీ గురించి చెప్పడానికేం లేదు, వచ్చింది.

నేను సింగరాయకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మాది మట్టి గ్రౌండ్. సున్నంతో గీసిన గీతలు ఒక్క వానకి కొట్టుకుపోతాయి. వంద మీటర్లకి మాత్రం కాంపౌండ్ గోడ పక్కన తిన్నగా ఒక పట్టీ కుదిరింది. స్కూలుకి పాత స్టాప్‌వాచ్ ఒకటి ఉండేది. దాని తెరలో ఎడమ పక్క గీతలు చచ్చిపోయి 8 కాస్తా 3 లాగా కనిపించేది. 13.8లో పరిగెత్తిన పిల్ల ఇంటికెళ్ళి 13.3 అని చెప్పుకునేది. పిల్లల సంతోషం నాకూ ఇష్టమే, కానీ జిల్లా సెలెక్షన్స్ ముందు ఆ సంతోషంతో ఏం చేసుకోను? అందుకే సొంత డబ్బు పెట్టి ఇది కొన్నాను. పన్నెండొందల లోపే పడింది. మెడలో వేసుకునే రకం, సెకనులో వందో వంతు దాకా చూపిస్తుంది, స్ప్లిట్ (వాచ్ ఆగకుండానే మధ్యలో ఒక టైమ్ పట్టుకోవడం) ఉంది, పది ల్యాప్‌లు గుర్తుపెట్టుకుంటుంది.

అసలు అవసరం ఇద్దరమ్మాయిల వల్ల వచ్చింది. ఒకరిది పాకల వైపు, ఒకరిది రైల్వే స్టేషన్ వెనక. ఒకరు పదో తరగతి, ఒకరు తొమ్మిది. ఒకరోజు ఈ పిల్ల ముందొస్తే ఇంకోరోజు ఆ పిల్ల. గీత దాటిన వెంటనే, రొప్పు కూడా తగ్గకముందే "మేడమ్, నాదెంత?" అంటారు. చెప్పగానే "దానిదెంత?" అంటారు. మొదటిదానికి ఈ వాచ్ బాగనే జవాబు చెప్తుంది. రెండోదాని దగ్గరే చేతులెత్తేస్తుంది, నా రివ్యూ అంతా దాని గురించే.

2024 ఎండాకాలంలో పరుగు పందేలు చూసేవాళ్ళందరికీ ఇదే ప్రశ్న, ఇద్దరిలో ఎవరు ముందని. జూన్‌లో కింగ్‌స్టన్‌లో జమైకా సెలెక్షన్స్ జరిగితే కిషేన్ థాంప్సన్ వంద మీటర్లు 9.77 సెకన్లలో కొట్టాడు. జూలైలో లండన్‌లో అమెరికా కుర్రాడు నోవా లైల్స్ 9.81. ఆ ఏడాది టైమ్‌ల లిస్టు చూసి ఒలింపిక్స్‌లో గెలిచేది థాంప్సనే అన్నారు చాలామంది. పారిస్ ఒలింపిక్ ఫైనల్లో బోర్డు మీద ఇద్దరికీ 9.79 పడింది. విప్పి చూస్తే లైల్స్‌ది 9.784, థాంప్సన్‌ది 9.789. సెకనులో వెయ్యో వంతులు అయిదు. వాళ్ళు పోయే వేగానికి అది అయిదారు సెంటీమీటర్లు. ఫొటో ఫినిష్ బొమ్మ ఫోన్లో పెట్టి మా పిల్లలకి చూపించాను. థాంప్సన్ పాదం ముందుంది, లైల్స్ ఛాతీ ముందుంది. లెక్కలోకి వచ్చేది ఛాతీ. పాదం, చెయ్యి, తల ఏవీ లెక్కలోకి రావు. అప్పట్నుంచి ఇద్దరూ గీత దగ్గర ముందుకు వంగడం మొదలుపెట్టారు, అదొక లాభం. స్టేషన్ పిల్ల మరీ ముందే వంగి ఒకసారి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అయినా "నాదెంత?" అనే అడిగింది.

పారిస్‌లో గీత దగ్గర పెట్టిన కెమెరా సెకనుకి 40,000 బొమ్మలు తీసింది. నా చేతిలో ఉన్నది పన్నెండొందల వాచ్, దాని మీద నా బొటనవేలు.

ఇక పనితనం. ఇద్దరి టైమ్ పట్టాలంటే మొదటి పిల్ల గీత దాటగానే స్ప్లిట్ నొక్కాలి, రెండో పిల్లకి స్టాప్ నొక్కాలి. మళ్ళీ స్ప్లిట్ నొక్కితే రెండో టైమ్ కనిపిస్తుంది. ఇద్దరి మధ్య రెండు మూడు అడుగుల తేడా ఉంటే ఇది హాయిగా జరిగిపోతుంది. భుజం భుజం రాసుకుంటూ వచ్చారనుకోండి, రెండు వేళ్ళూ ఒకేసారి పడిపోతాయి. లేదా భయపడి రెండోది ఆలస్యంగా నొక్కుతాం. పద్నాలుగు సెకన్ల లోపు పరిగెత్తే పిల్ల సెకనులో పదో వంతులో ముప్పావు మీటరు దాకా పోతుంది. దానికంటే తక్కువ తేడాని నా వేళ్ళు చెప్పలేవు. వేల రూపాయల వాచ్ కొన్నా నొక్కేవి ఈ వేళ్ళే.

మా లెక్కల సారు దీనికో ఉపాయం చెప్పారు. గీతకి ఎదురుగా, సరిగ్గా గీత వెంబడి చూసేట్టు ఫోన్‌ని స్టూలు మీద పెట్టి స్లో మోషన్‌లో తియ్యడం. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోనైతే ఒక్కో ఫ్రేము సెకనులో వెయ్యో వంతులు నాలుగు. ఎవరు ముందో, ఎన్ని ఫ్రేములు ముందో అందులో లెక్కపెట్టుకోవచ్చు. టైమ్ వాచ్ చెప్తుంది, తేడా ఫోన్ చెప్తుంది. ఇదే ఊళ్ళోవాళ్ళ గొడవ కూడా తగ్గించింది. పాకల పిల్ల వాళ్ళ మామ ప్రతిసారీ గోడ మీద కూర్చుని "మా పిల్లే ముందు" అనేవాడు. ఇప్పుడు ఫోన్ చూసి ఊరుకుంటున్నాడు.

ఇది కొనే పీఈటీలందరూ స్టార్ట్ దగ్గర ఒక సంగతి చూసుకోవాలి. మనం నిలబడేది ఫినిష్ గీత దగ్గర. ఈల ఊదేది వంద మీటర్ల అవతల. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఈల మన చెవిన పడేసరికి సెకనులో పది వంతుల్లో మూడు వంతులు గడిచిపోతాయి. ఈల విని నొక్కితే ప్రతి పిల్లా ఆ మేరకు వేగంగా పరిగెత్తినట్టు కనిపిస్తుంది. పెద్ద మీట్లలో చేత్తో టైమ్ తీసేవాళ్ళు తుపాకీ పొగ చూసి నొక్కేది అందుకే. మేం చెక్క క్లాపర్ వాడతాం. చేతులు పైకెత్తి కొట్టే పిల్లాడి వెనక గోడకి తెల్ల సున్నం వేయించాను, క్లాపర్ మూసుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. చెవులు మూసుకుని కళ్ళతో నొక్కండి.

వాచ్ మీద ఆ వందో వంతు అంకె ఉందే, దాన్ని చూసి మురిసిపోవద్దు. నియమం ప్రకారం చేత్తో తీసిన టైమ్‌ని పై పదో వంతుకి తీసుకెళ్ళాలి. 13.41 వస్తే రాసుకోవాల్సింది 13.5. 13.4 రాసే పీఈటీలు చాలామందే ఉన్నారు, వాళ్ళ పిల్లలు పెద్ద మీట్‌కి వెళ్ళాక ఎలక్ట్రానిక్ బోర్డు చూసి ఏడుస్తారు. చేతి టైమ్‌కి 0.24 కలిపితే ఎలక్ట్రానిక్ టైమ్‌కి దగ్గరగా వస్తుందని వంద మీటర్లకి ఒక వాడుక లెక్క ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జిమ్ హైన్స్‌కి చేతి వాచ్ 9.9 ఇస్తే, ఎలక్ట్రానిక్ 9.95 ఇచ్చింది. 1977 నుంచి వంద మీటర్ల ప్రపంచ రికార్డుకి ఎలక్ట్రానిక్ టైమే ఒప్పుకుంటున్నారు.

ఎలక్ట్రానిక్ అన్నాక తప్పు జరగదా అంటే, 2006లో దోహాలో జరిగింది. జస్టిన్ గాట్లిన్ 9.76తో అసాఫా పావెల్ 9.77 ప్రపంచ రికార్డు బద్దలు కొట్టాడని ప్రకటించారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే అసలు టైమ్ 9.766. పైకి సవరించాల్సింది, కిందికి సవరించారు. రికార్డు బద్దలు కాలేదు, సమానమైంది. ఆ తర్వాత డోపింగ్ కేసులో ఆ టైమ్ మొత్తమే కొట్టేశారనుకోండి. మా లెక్కల సారుకి ఈ కథ ఎంత నచ్చిందో! దశాంశాల పాఠంలో రెండు పీరియడ్లు దీని మీదే చెప్పారు.

గాలి సంగతి ఈ వాచ్‌కి తెలియదు, తెలియాలని నేను అడగను. కానీ మీరు సముద్రానికి దగ్గర్లో ఉంటే గుర్తుపెట్టుకోండి. మా పట్టీ తూర్పు నుంచి పడమరకి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వీపు మీద తోస్తుంది. సాయంత్రం టైమ్‌లన్నీ బాగుంటాయి, పొద్దున్నవి బాగుండవు. పిల్లలేమో సాయంత్రం వచ్చిందే తమ టైమ్ అంటారు. వెనక గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటితే రికార్డుకి పనికిరాదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022లో కోజికోడ్‌లో వంద మీటర్ల హర్డిల్స్ 13.09లో దూకింది. 2002 నాటి జాతీయ రికార్డు 13.38ని ఎక్కడో వెనక వదిలేసిన టైమది. గాలి 2.1 ఉందని లెక్కలోకి తీసుకోలేదు. ఆ మే నెలలోనే సైప్రస్ వెళ్ళి 13.23తో రికార్డు తీసుకుంది. ఆ కథ చెప్పినప్పుడు మా పిల్లలిద్దరూ మొదటిసారి ఒకే పక్షాన నిలబడి గాలిని తిట్టారు.

2008లో కూడా ఇంతే. బీజింగ్ ఒలింపిక్స్ ముందు టైసన్ గే అమెరికా సెలెక్షన్స్‌లో 9.68 పరిగెత్తాడు. అప్పటిదాకా మనిషన్నవాడు అంత తక్కువలో పరిగెత్తలేదు. గాలి 4.1. అంతకు నెల ముందు ఉసేన్ బోల్ట్ న్యూయార్క్‌లో 9.72, గాలి 1.7, అది ప్రపంచ రికార్డు. ఆగస్టు వచ్చేసరికి తొడ కండరం గాయంతో గే సెమీస్‌లోనే ఆగిపోయాడు. గాలి సున్నాగా ఉన్న ఫైనల్లో బోల్ట్ చివర్లో చేతులు చాపి కూడా 9.69 కొట్టాడు.

ఇవన్నీ విని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది, "అయితే ముందు టైమ్‌లు ఎందుకు తియ్యడం మేడమ్?" అని. మంచి ప్రశ్నే. పెద్ద పోటీ లోపలికి వెళ్ళడానికి టైమ్ కావాలి. పారిస్‌కి నేరుగా అర్హత రావాలంటే మగవాళ్ళు 10.00, ఆడవాళ్ళు 11.07 పరిగెత్తాలి. లోపలికి వెళ్ళాక ఆ కాగితం పనిచెయ్యదు. 2021 జూన్‌లో షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ 10.63 కొట్టినప్పుడు, 1988 నాటి ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 తర్వాత అంత వేగం ఎవరిదీ లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఎలైన్ థాంప్సన్ హెరా 10.61తో బంగారం పట్టుకుపోయింది, ఫ్రేజర్ ప్రైస్‌ది 10.74. 2025లోనూ కిషేన్ థాంప్సన్ జూన్‌లో 9.75తో లిస్టు పైన కూర్చున్నాడు. సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ పోటీల్లో 9.77తో గెలిచింది ఆబ్లిక్ సెవిల్. పారిస్ ఫైనల్లో 9.91 పరిగెత్తి ఎనిమిదో స్థానంలో, అంటే చిట్టచివర వచ్చిన కుర్రాడే అతను. లిస్టులో పేరు చూసుకుని పడుకునేవాళ్ళకి, పేరు లేదని దిగులుపడేవాళ్ళకి కూడా ఆ ఎనిమిదో స్థానం చెప్తుంటాను.

మన దగ్గర పోటీ కూడా తక్కువేం లేదు. 2025 మార్చిలో బెంగళూరులో గురిందర్‌వీర్ సింగ్ 10.20, మణికంఠ హోబ్లిధర్ 10.22. పాత జాతీయ రికార్డు 10.23ని ఒకే పరుగులో ఇద్దరూ దాటారు. రికార్డు ఒక్కరిదే అయింది. జూలైలో గ్రీస్‌లో అనిమేష్ కుజూర్ 10.18తో దాన్నీ లాగేసుకున్నాడు. ఈ ముగ్గురినీ నా వాచ్‌తో కొలిస్తే ఎవరు ఎవరో చెప్పలేను. ఇది వాచ్ లోపం కాదు కాబట్టి దీనికి మార్కులు తగ్గించలేదు.

తగ్గించింది వీటికి. బీప్ ఆపే దారి లేదు. పక్కనే ఎనిమిదో తరగతి గది, ప్రతి నొక్కుకీ కుయ్‌మంటుంటే తెలుగు మేడమ్ కిటికీలోంచి నన్నే చూస్తుంది. కొన్నాళ్ళకి స్టార్ట్ బటన్ కింద ఇసుక దూరి ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది, అంటే మొదలై వెంటనే ఆగిపోతుంది. పాత పెయింట్ బ్రష్‌తో దులిపితే బాగయింది, మళ్ళీ వస్తుందేమో చూడాలి. మెడతాడు నాసిరకం, తెగితే నేను బూటు లేసు కట్టుకున్నాను. ఎండలో తెర కాస్త వంచి చూసుకోవాలి. బ్యాటరీ మాత్రం ఒంగోలు ట్రంక్ రోడ్డులో ఏ వాచీల షాపులోనైనా దొరికే గుండ్రటి బిళ్ళే, దానికి బెంగ లేదు.

బటన్ నొక్కుడు బాగుంది. టక్కుమని తెలుస్తుంది, చెమట చేతికి కూడా జారదు. నాలుగో నక్షత్రం దానిది.

స్కూలుకి కొనేవాళ్ళు కుదిరితే ఒకటి కాకుండా మూడు కొనండి. నియమం ప్రకారం గెలిచినవాళ్ళ టైమ్‌కి మూడు వాచీలుండాలి, రెండు ఒకే టైమ్ చూపిస్తే అదే లెక్క, మూడూ వేరైతే మధ్యది. రెండే ఉన్నప్పుడు ఎక్కువ టైమ్ చూపించినదాన్నే తీసుకోవాలి. ఈ చివరి ముక్క మాత్రం పిల్లలకి చెప్పకండి. నేను చెప్పాను, ఇప్పుడు రెండో వాచ్ లెక్కల సారు చేతిలో కనపడితే చాలు, ఇద్దరూ ఒక్కటై దాన్ని లాక్కుని దాచేస్తున్నారు.