కరెంట్ డైరెక్టరీ అడిగే రెండు ఫంక్షన్లు: రోజూ వాడేవాడి రివ్యూ

మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాంటా స్లిప్పుల ప్రోగ్రాములు రాస్తుంటాను. కాంటా గదిలో విండోస్, లోపల సర్వర్ లినక్స్. నడుస్తున్న ప్రోగ్రాం ప్రస్తుతం ఏ ఫోల్డర్‌లో నిలబడి పనిచేస్తోందో (అదే కరెంట్ డైరెక్టరీ) అడగడానికి విండోస్‌లో గెట్‌కరెంట్‌డైరెక్టరీ, లినక్స్‌లో గెట్‌సీడబ్ల్యూడీ ఉన్నాయి.

జవాబు రాయడానికి ఈ ఫంక్షన్లకు మనం మెమరీలో కొంత చోటు (బఫర్) ఇవ్వాలి. ఆ చోటు అడిగే పద్ధతిలో నా ఓటు విండోస్‌కే. సైజు సున్నా ఇచ్చి పిలిస్తే ఎంత చోటు కావాలో చెప్పేస్తుంది. మెలిక ఒకటుంది: అప్పుడు చెప్పే లెక్కలో మాట ముగిసిందని చెప్పే చివరి నల్ అక్షరం కలుస్తుంది, పని అయ్యాక ఇచ్చే లెక్కలో కలవదు. లినక్స్‌ది చోటు చాలకపోతే ఈరేంజ్ అనే ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది, ఎంత కావాలో చెప్పదు. కాకపోతే గ్లిబ్‌సీలో (లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ) బఫర్‌గా నల్ (అంటే ఏ చోటూ ఇవ్వకుండా), సైజుగా సున్నా ఇస్తే చోటు అదే తెచ్చుకుంటుంది. వాడాక ఆ చోటు తిరిగి ఇచ్చేయడం (ఫ్రీ చేయడం) మన పని. సైజు చెప్పే వీలే లేని పాత గెట్‌డబ్ల్యూడీ ఫంక్షన్‌ను 2008 పోసిక్స్‌లో (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) తీసేశారు. చాలా మంచి పని.

మిల్లుల్లో ఫోల్డర్లకు తెలుగు పేర్లే పెట్టుకుంటారు. "యాసంగి" విండోస్ లెక్కలో రెండేసి బైట్ల యూనిట్లు 6, లినక్స్‌లో యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయితే 18 బైట్లు. విండోస్‌లో చివర డబ్ల్యూ ఉన్న రకమే పిలవండి. చివర "ఏ" (A) ఉన్న రకం పిలిస్తే మామూలు సెట్టింగుల్లో తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి.

ఇక అసలు సంగతి. ఈ ఫంక్షన్లు అబద్ధం చెప్పవు, కానీ జవాబు మారుతూ ఉంటుంది. ఒక మిల్లులో వేరేవాళ్లు రాసిన పాత ప్రోగ్రాం ఉండేది. "సార్, పొద్దటి స్లిప్పులు కనిపిస్తలేవు" అన్నాడు గుమాస్తా. వెతికితే లారీ ఫొటోల ఫోల్డర్‌లో దొరికాయి. ఫైల్ ఓపెన్ బాక్స్‌లో ఫొటో ఎంచుకోగానే విండోస్‌లో కరెంట్ డైరెక్టరీ అక్కడికి మారింది, ఆ తర్వాతి స్లిప్పులన్నీ అక్కడే పడ్డాయి. కరెంట్ డైరెక్టరీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) మొత్తానికీ ఒక్కటే. అందులో పక్కపక్కనే నడిచే పనుల్లో (థ్రెడ్లలో) ఒకటి మారిస్తే అన్నిటికీ మారుతుంది. సీజన్‌లో రైతు ట్రాక్టర్ దగ్గర స్లిప్పు కోసం నిలబడి ఉంటాడు, అది దొరక్కపోతే అతని తూకానికి రుజువేది? అందుకే డేటా దారి దీన్నిబట్టి కట్టడం నాకు అస్సలు నచ్చదు. ప్రోగ్రాం ఫైల్ ఎక్కడుందో కావాలంటే విండోస్‌లో గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్, లినక్స్‌లో ప్రాక్ కింద సెల్ఫ్‌లోని ఎగ్జి లింకు (/proc/self/exe) చూడండి.

ఇంకో తేడా. ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌లో నిలబడి ఉంటే విండోస్ ఆ డ్రైవ్‌ను సేఫ్‌గా తీయనివ్వదు, సేటుకు చిరాకు. లినక్స్‌లో మనం ఉన్న ఫోల్డర్‌ను వేరేవాళ్లు తీసేయగలరు, అప్పుడు గెట్‌సీడబ్ల్యూడీ ఈనోఎంట్ (అలాంటిది లేదు) అనే ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ చూడకుండా ముందుకు పోవద్దు.

తెలిసిన చోటి నుంచి నడిపే చిన్న టూల్స్‌కు రెండూ ధైర్యంగా వాడొచ్చు. రాత్రి బ్యాకప్‌కు మాత్రం వీటి మీద ఆధారపడకండి. టైముకు ప్రోగ్రాములు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో "స్టార్ట్ ఇన్" ఖాళీగా వదిలితే ప్రోగ్రాం విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో మొదలవుతుంది, లినక్స్‌లో అదే పని చేసే క్రాన్ అయితే యూజర్ హోమ్ ఫోల్డర్‌లో.