పాపతో, కుక్కతో జలపాతాలకి: బెంగళూరు నుంచి ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు

జలపాతం ఎన్ని అడుగుల ఎత్తు నుంచి పడుతుందో మేం ఇప్పుడు చివర్లో చూస్తాం. కారు ఎక్కడిదాకా వెళ్తుంది, దిగాక మెట్లా బండరాళ్లా, గేటు దగ్గర కుక్కని రానిస్తారా, నీళ్లలో కాలు పెట్టనిస్తారా లేక దూరం నుంచి చూడటమేనా, ముందు ఇవి తేలాలి. ఇంట్లో రెండేళ్లు దాటిన పాప, పద్దెనిమిది కేజీల నాటు కుక్క రాకీ. ఉండేది కె.ఆర్.పురంలో కాబట్టి తెల్లారకముందే బయల్దేరకపోతే ఊరు దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది.

అభయారణ్యాల్లోకి, జాతీయ పార్కుల్లోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. దీనికి కోపం తెచ్చుకోవాల్సింది లేదు. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు ఒక కారణం కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్సే అని తేలింది. ఈ ఒక్క నిబంధనతోనే మా జాబితాలో పెద్ద పేర్లన్నీ ఎగిరిపోయాయి. మన తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. కెమ్మణ్ణుగుండి పక్కనున్న హెబ్బె జలపాతం భద్ర పులుల అడవిలోకి వస్తుంది. పలమనేరు, కుప్పం మధ్య కైగల్ ఉందిగా అంటారు మా అనంతపురం చుట్టాలు. నిజమే, రోడ్డుకి దగ్గర. కానీ అది కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు తిరిగే ప్రాంతం. ఆకు కదిలితే మొరిగే కుక్కని అక్కడికి తీసుకెళ్లే ధైర్యం నాకైతే లేదు.

ఊరికి దగ్గర్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలంటే ఆనేకల్ దగ్గరి ముత్యాల మడువు. వానలు పడ్డాకే నీళ్లు, అవీ సన్నటి ధార. మెట్లు దిగాలి. పాపకి మాత్రం ఆ సన్నటి ధారే సరిపోయింది, భయపడలేదు. కనకపుర దాటాక వచ్చే చుంచి జలపాతం ఫోటోల్లో చాలా బాగుంటుంది. దగ్గరికెళ్తే నున్నటి బండలు, మధ్యలో లోతు తెలియని గుంటలు. పైగా అది అర్కావతి నీరు. బెంగళూరు మురుగు మోసే వృషభావతి పైన ఎక్కడో అందులోనే కలుస్తుంది. నురగ చూశాక రాకీని నీటి దగ్గరికి పోనివ్వలేదు. పెద్దవాళ్లు గట్టు మీద నించుని చూసి రావడానికైతే సరే.

శివనసముద్రంలో గగనచుక్కి అయితే పిల్లలున్నవాళ్లకి హాయి. ఎదుటి గట్టు మీద కట్టిన చోటు నుంచి చూడటమే, నడక లేదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య, కబిని, కేఆర్ఎస్ ఆనకట్టల నుంచి నీళ్లు వదిలారన్న వార్త వచ్చాక వెళ్తేనే చూడాలి. మామయ్యగారి చిన్నతనం కేజీఎఫ్‌లో గడిచింది. ఆయనకి జలపాతం కంటే 1902లో కోలారు గనులకి కరెంటు పంపిన అక్కడి పవర్ హౌసే గొప్ప. హొగెనక్కల్‌లో కాలిబాట కష్టమేమీ కాదు, కానీ జనం, అడుగడుగునా వేగుతున్న చేపలు. రాకీ గొలుసు పట్టుకున్నవాళ్లకి భుజం ఊడొచ్చింది. పుట్టి ఎక్కడానికి నేను ఒప్పుకోలేదు. మా ఆయన, అత్తయ్య వెళ్లొచ్చారు.

అసలు ఆనందం దొరికింది సకలేశపుర వైపు. అక్కడ మేం కోరుకుంటున్నది పేరున్న జలపాతం కాదు, కాఫీ తోటలోనే వాగు పారే హోమ్‌స్టే. మోకాలి లోతు నీళ్లు, నాలుగైదు అడుగుల ఎత్తు నుంచి దూకే చిన్న ధార, టికెట్టు లేదు, మైకులో పాటలు లేవు. పాప గంటల తరబడి గులకరాళ్లు విసిరింది, రాకీ ప్రతి రాయి వెనకా దూకాడు. ఇలాంటి చోట మేం చూసినంతలో తలకి రెండు వేల నుంచి మూడున్నర వేల దాకా తీసుకుంటున్నారు, మూడు పూటలా భోజనంతో. పాపకి డబ్బు అడగలేదు. కుక్కకి కొందరు అడుగుతారు, కొందరు అడగరు.

అయితే 'పెట్ ఫ్రెండ్లీ' అన్న మాట నమ్మి అడ్వాన్సు కట్టొద్దు. ఒక రిసార్టులో అలాగే కట్టి వెళ్తే, కుక్క గదిలోకి రాకూడదు, జనరేటర్ వెనక బోనులో ఉంచాలన్నారు. మలెనాడులో, అంటే సకలేశపుర లాంటి ఊళ్లున్న ఈ కొండ ప్రాంతంలో, చిరుతలు కుక్కల కోసం ఇళ్ల దాకా వస్తాయి. రాత్రి కుక్కని బయట కట్టేయడమంటే దాన్ని ఎరగా పెట్టడమే. అడ్వాన్సు వదులుకుని వేరే ఇల్లు వెతుక్కున్నాం. ఇప్పుడు ఫోన్లోనే అడిగేస్తాను: కుక్క మా గదిలోనే పడుకోవచ్చా, మీ తోట కుక్కలు ఎన్ని, వాటికి టీకాలు వేయించారా, కరెంటు పోతే వేడి నీళ్లు ఎలా, పాపకి కారం లేకుండా చారన్నం చేసిపెడతారా. చివరి ప్రశ్నకి మాకు దొరికిన ఇంటి ఆంటీ నవ్వి, వంటింట్లోకి వచ్చి నువ్వే చేసుకోమ్మా అన్నారు. ఆ మాటతోనే ఆ ఇల్లు ఖాయమైంది. ఆవిడ అక్కి రొట్టె, కోడి కూర సంగతి రాస్తే ఈ వ్యాసం పక్కదారి పడుతుంది.

వానాకాలంలో వెళ్తే జలగల గురించి తెలిసే వెళ్లాలి. మనుషులకి జలగ సాక్సులున్నాయి. కుక్కకి ఏమీ లేవు. తోటలో నుంచి రాగానే రాకీ కాలి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. మెత్తల మధ్య అగ్గిపుల్ల అంత సన్నగా దూరి, రక్తం తాగాక చిక్కుడు గింజంత అవుతుంది. లాగి పీకకుండా వేలిగోరుతో పక్కకి తోస్తే ఊడొస్తుంది. ఉప్పు చల్లితే కుక్కకి మంట. పాపకి ఇదో ఆట, ఎక్కడ నల్ల మచ్చ కనిపించినా 'జల్గా' అని అరుస్తుంది.

జలగ కంటే పిడుదు ప్రమాదం. కోతుల జ్వరం అని చెప్పే క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్‌ని 1957లో శివమొగ్గ జిల్లాలోనే గుర్తించారు. అది పిడుదుల వల్ల వస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. ఆ నెలల్లో ఆ వైపు ఆకుల మీద కూర్చోవడం, కోతులు తిరిగే చోట పాపని వదలడం మానేశాం. రాకీకి బయల్దేరే ముందే పిడుదుల మందు. లెప్టోస్పైరోసిస్ టీకా వేయించామా లేదా కార్డులో చూసుకుంటాం. ఎందుకంటే వద్దన్నా నిలవ నీళ్లు తాగుతాడు.

పాపని వీపున మోసే క్యారియర్ మంచిదే, కానీ కాఫీ తోటలో దాని కష్టం వేరు. మోసేవాళ్ల తల కంటే పాప తల పైకి ఉంటుంది. మనం వంగి దాటామనుకున్న కొమ్మ తనకి మొహానికి తగులుతుంది. అందుకే ఒకరు ముందు నడిచి కొమ్మలు పట్టుకుంటారు, కుక్క వాళ్ల దగ్గరే. తడి మెట్లు దిగేటప్పుడు క్యారియర్ వద్దనే అంటాను, బరువంతా వెనక్కి లాగుతుంది.

నీళ్ల విషయంలో ఇంట్లో వాదన లేదు. 2024 జూన్ 30న లోనావాలాలో భూషి డ్యామ్ దగ్గరి జలపాతంలో ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు కొట్టుకుపోయారు. మన నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండ మీద వాన పడితే చాలు. నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఫోటో సగంలో ఉన్నా సరే, లేచి గట్టెక్కడమే.

చిక్కమగళూరులో ఝరి జలపాతానికి చివరి కొన్ని కిలోమీటర్లు జీపులోనే. పెద్దవాళ్లకి సరదా, పాపని ఒళ్లో పట్టుకున్నవాళ్లకి నడుం విరుగుడు. కుక్కని ఎక్కించాలా వద్దా అన్నది జీపు డ్రైవరు దయ. కల్హత్తిలో నీళ్లు వీరభద్రుడి గుడి మీదుగా పడతాయి, చూడాల్సిందే. కానీ గుడి కాబట్టి కుక్కతో ఒకరు బయటే ఉండాలి. మేం వంతులు వేసుకున్నాం.

ఇక జోగ్. 253 మీటర్లు, నాలుగు పాయలు, పై నుంచే అంతా కనిపిస్తుంది కాబట్టి పాపకి ఇబ్బంది లేదు. కిందికి పధ్నాలుగు వందల మెట్లట, మాకు వాటితో పనిలేదు. బెంగళూరు నుంచి నాలుగు వందల కిలోమీటర్లు, అదీ వెనక సీట్లో కార్ సీటు, దాని పక్కన కుక్క. సెప్టెంబరులో వెళ్దామనుకుంటున్నాం. రాకీని మారతహళ్లిలో మా చెల్లెలి దగ్గర వదిలేద్దామని నేను, వాడు లేకపోతే రానని మా ఆయన. అత్తయ్య ఇంకా ఎటువైపో చెప్పలేదు.