ఓక్ పార్క్ చారిత్రక వీధుల్లో గైడుతో నడక: ఒక సమీక్ష

షికాగో నగరానికి పడమర ఆనుకొని ఉన్న ఓక్ పార్క్‌లోని పాత నివాస ప్రాంతాన్ని గైడు వెంట నడిచి చూసే కార్యక్రమం, ఇళ్ల నిర్మాణంపై కొద్దిపాటి ఆసక్తి ఉన్నవారు కూడా తప్పక వెళ్లదగినది. 1973లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కిన ఈ ప్రాంతాన్ని అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరుతోనే గుర్తిస్తారు. అయితే ఆయన ఇళ్లను పొరుగిళ్లతో కలిపి చూసినప్పుడే ఆయన సాధించిన మార్పు పూర్తిగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

రైట్ 1889లో కట్టుకున్న సొంత ఇల్లు, 1898లో దానికి జోడించిన స్టూడియో మొదట చూడవలసినవి. షికాగో అవెన్యూలో 1892లో ఆయన రూపొందించిన గేల్, పార్కర్ ఇళ్లకు నిటారు కప్పులు, బురుజులు ఉన్నాయి. అలంకరణలు ఎక్కువగా ఉండే అప్పటి క్వీన్ ఆన్ శైలి ఛాయలు వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి. పదేళ్ల తర్వాత, 1902లో, ఫారెస్ట్ అవెన్యూలో కట్టిన హర్ట్లీ ఇంటి ముందు నిలబడితే అదే మనిషి గీసిన ఇల్లేనా అనిపిస్తుంది. నేలను హత్తుకున్నట్టు పరుచుకున్న ఆ ఇంటికి విశాలమైన చూరు, దాని కిందుగా బారుగా సాగిన కిటికీలు, అడ్డంగా పట్టీల్లా కనిపించే ఇటుక వరుసలు ఉన్నాయి. వాటి మీద నుంచి చూపు పైకి పోకుండా పక్కకే సాగుతుంది. ఇలా అడ్డంగా పరుచుకునే ఇళ్లతో రైట్‌కు పేరు తెచ్చిన ప్రెయిరీ శైలి గురించి ఎంత చదివినా రాని స్పష్టత నాకు అక్కడే కలిగింది. అదే వీధిలో కొద్ది దూరంలో, ఎదురు వరుసలో, మూర్ కుటుంబానికి 1895లో ఆయనే పాత ఇంగ్లండ్ ఇళ్లను తలపించే ట్యూడర్ పద్ధతిలో గీసిన ఇల్లు ఉంది. 1922 నాటి అగ్నిప్రమాదం తర్వాత దాన్ని తిరిగి రూపొందించినదీ ఆయనే.

లోపం ఒకటుంది. రైట్ పేరు లేని విక్టోరియన్ (పందొమ్మిదో శతాబ్దపు) ఇళ్లను మా గైడు దాదాపు పలకరించకుండానే దాటించారు. లోతైన వరండాలు, గుండ్రని బురుజులు, చెక్క నగిషీలు ఉన్న ఆ ఇళ్ల గురించి పది నిమిషాలైనా వివరించి ఉంటే, రైట్ వేటిని కాదనుకున్నాడో వినేవారికి తెలిసేది.

ఈ ఇళ్లలో చాలావాటిలో నేటికీ కుటుంబాలు నివసిస్తున్నాయి కనుక కాలిబాట మీది నుంచే చూడాలి. లోపలి గదులు కూడా చూడాలనుకునేవారు రైట్ సొంత ఇంటికి, 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన, ఆయనే రూపొందించిన యూనిటీ టెంపుల్ అనే చర్చికి సమయం కేటాయించుకోవడం మంచిది. వేసవిలో చెట్ల ఆకులు ముఖభాగాలను బాగా కప్పేస్తాయి. ఆకులు రాలిన తర్వాత వెళ్తే కప్పుల వాలు, చూరుల పొడవు అడ్డం లేకుండా కనిపిస్తాయి.