స్ట్రిప్ చేసినా పోని పట్టిక: ఈహెచ్ ఫ్రేమ్‌తో నా అనుభవం

కంపైల్ అయిన సీ++ ప్రోగ్రాంలో నేను అన్నిటికంటే ఎక్కువ రుణపడింది ఈహెచ్ ఫ్రేమ్ సెక్షన్‌కి, అంటే ఒక ఫంక్షన్‌ని ఎవరు పిలిచారో వెనక్కి వెతుక్కోవడానికి బైనరీలో ఉండే పట్టికకి. బైనరీ సైజు తగ్గించాలనుకున్నప్పుడు తప్ప దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. ఎత్తినా, తీసేస్తే ఏమవుతుందనే అడుగుతారు. లినక్స్ మీద, ఎక్స్86-64 సర్వర్లలో సర్వీసులు నడిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇక్కడ రాసేది ఆ వాడకంలోంచి వచ్చిన మాట.

తప్పు జరిగినప్పుడు కోడ్ త్రో చేసే ఎక్సెప్షన్‌ని ట్రై, క్యాచ్ ఎలా పట్టుకుంటాయో అందరికీ తెలుసు కాబట్టి అటు వెళ్లను. నాకు నచ్చిన గుణం ఒక్కటే: ఈ పట్టిక ప్రోగ్రాంని వదిలిపోదు. బైనరీ సైజు తగ్గించే స్ట్రిప్ కమాండ్ కొడితే ఫంక్షన్ల పేర్లు, లైన్ నంబర్లు అన్నీ పోతాయి. ఈహెచ్ ఫ్రేమ్ మాత్రం ఉంటుంది. దాన్ని పెట్టింది డీబగ్గర్ కోసం కాదు, ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ప్రోగ్రామే దాన్ని చదువుకోవాలి. అందుకే కోడ్‌తో పాటు మెమరీలోకి లోడయ్యే సెక్షన్లలో అదీ ఒకటి.

దీని విలువ నాకు ఒక క్రాష్‌తో తెలిసింది. కస్టమర్ దగ్గర మా సర్వీసు ఒకటి మొదలవుతూనే పడిపోతోంది. ఆ రిలీజ్ బిల్డ్ చేసిన మెషీన్‌లో పాత ఫైళ్లు తుడిచేశారు, డీబగ్ ఫైళ్లు కూడా వాటితోనే పోయాయి. చేతికొచ్చినవి స్ట్రిప్ చేసిన బైనరీ, ఒక కోర్ డంప్ (పడిపోయిన క్షణంలో ప్రోగ్రాం మెమరీ కాపీ), లాగ్‌లో రెండు లైన్లు. ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్‌ని ఎవరూ పట్టుకోలేదు కాబట్టి టెర్మినేట్ అయిందని మొదటి లైను. రెండో లైన్లో ‘వాట్’ దగ్గర ఉన్నది ఒక్క మాట: ఎస్‌టీఓఐ. స్ట్రింగ్‌ని అంకెగా మార్చే ఫంక్షన్ పేరది. మేం వాడే జీసీసీ కంపైలర్ లైబ్రరీ అంతకంటే ఏమీ చెప్పదు. ఆ ఫంక్షన్‌ని మా కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ వాడతాం.

జీడీబీ డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఎవరు ఎవర్ని పిలిచారనే జాబితా) అడిగితే కింద అబార్ట్, టెర్మినేట్, త్రో చేసిన రన్‌టైమ్ ఫంక్షన్ల పేర్లు కనిపించాయి, అవి షేర్డ్ లైబ్రరీలవి కాబట్టి. వాటి పైన మా ఫ్రేములన్నీ (ఒక్కో ఫంక్షన్ పిలుపుకి స్టాక్‌లో ఉండే భాగాలు) ప్రశ్నార్థకాలే. కానీ అడ్రసులు వరసగా, తెగకుండా మెయిన్ దాకా ఉన్నాయి. ఒక ఫ్రేమ్ నుంచి దాన్ని పిలిచినదానికి దారి చూపే ఫ్రేమ్ పాయింటర్ లేకుండా కంపైల్ చేసిన కోడ్ అది. మరి డీబగ్గర్‌కి దారెలా తెలిసింది? రీడెల్ఫ్ అనే టూల్‌తో ఈహెచ్ ఫ్రేమ్ పట్టికని విప్పి చూశాను. ఒక ఫంక్షన్ తాలూకు వరసలు ఇలా ఉన్నాయి: మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఫ్రేమ్ మూలం ఆర్‌ఎస్‌పీ (స్టాక్ కొసని చూపే రిజిస్టర్)+8, రిటర్న్ అడ్రస్ ఆ మూలానికి 8 బైట్ల కింద. ఆర్‌బీఎక్స్ అనే ఇంకో రిజిస్టర్‌ని స్టాక్ మీదికి పుష్ చేయగానే మూలం ఆర్‌ఎస్‌పీ+16, ఆర్‌బీఎక్స్ పాత విలువ మూలానికి 16 కింద. లోకల్స్ కోసం 32 బైట్లు తీసుకోగానే ఆర్‌ఎస్‌పీ+48. కోడ్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగినా, పిలిచినవాడు ఎక్కడున్నాడో, ఆర్‌బీఎక్స్‌లా దాచిపెట్టిన వాడి రిజిస్టర్లలో ఏముండేదో లెక్క కట్టవచ్చు.

నన్ను గట్టెక్కించింది ఆ రిజిస్టర్ల సంగతే. ఎస్‌టీఓఐని పిలిచిన ఫ్రేమ్‌లోకి వెళ్లి డిస్‌అసెంబ్లీ (మెషీన్ కోడ్‌ని ఇన్‌స్ట్రక్షన్లుగా చూపే రూపం) చూస్తే, కాల్‌కి కాస్త ముందు ఒక స్ట్రింగ్ అడ్రస్ లోడ్ అవుతోంది. అక్కడ ఉన్నది కాన్ఫిగ్ ఫైల్లోని ఒక టైమ్‌ఔట్ కీ పేరు. ఆ ఫ్రేమ్‌లో ఆర్‌బీఎక్స్‌ని జీడీబీ పట్టిక సాయంతో తిరిగి పట్టుకొచ్చింది, అది ఒక స్ట్రింగ్ ఆబ్జెక్ట్‌ని చూపిస్తోంది. పొడవు 8. బైట్లు: ఈ2 80 9సీ, తర్వాత 3, 0 అంకెలు, ఆపైన ఈ2 80 9డీ. ఎవరో డాక్యుమెంట్‌లోంచి విలువని కాపీ చేశారు, దాంతో పాటు వంపు తిరిగిన కోట్స్ కూడా వచ్చి కాన్ఫిగ్‌లో కూర్చున్నాయి. పేర్లు లేవు, లైన్ నంబర్లు లేవు, అయినా తప్పు ఉన్న బైటు దాకా వెళ్లగలిగాను.

అసలు ఆ స్ట్రింగ్ చెక్కుచెదరకుండా ఎందుకుంది? ఇందులో ఇంకో అందం ఉంది. త్రో చేయగానే రన్‌టైమ్ స్టాక్‌ని విప్పడం మొదలుపెట్టదు. ముందు ఒక్కో ఫ్రేమ్ ఎక్కుతూ, ‘దీన్ని పట్టుకునే క్యాచ్ నీ దగ్గర ఉందా’ అని ఆ ఫంక్షన్ తాలూకు పట్టికలో వెతుకుతుంది. దొరికితేనే రెండో విడతలో మళ్లీ మొదట్నుంచి వచ్చి, ఆబ్జెక్టుల్ని శుభ్రం చేసే డిస్ట్రక్టర్లు నడుపుతుంది. చివరిదాకా ఎవరూ లేకపోతే ఏదీ ముట్టుకోకుండా ఉన్నచోటనే టెర్మినేట్‌ని పిలుస్తుంది. పోలీసులు వచ్చేదాకా ఎవరూ అడుగుపెట్టని గదిలా కోర్ డంప్ మన చేతికొస్తుంది. ఇంత ముందుచూపుతో ఆలోచించినవాళ్ల మీద నాకు నిజంగా గౌరవం.

అయితే ఈ గది ప్రతిసారీ అలాగే దొరకదు. పైన ఎవరైనా, ఏ ఎక్సెప్షన్‌నైనా పట్టేసుకునే మూడు చుక్కల క్యాచ్ పెట్టి, లాగ్ రాసి, మళ్లీ త్రో చేస్తే అసలు చోటు చెరిగిపోతుంది. మంచి ఉద్దేశంతో రాసిన అలాంటి క్యాచ్‌లని మా కోడ్‌లో చాలా తీసేయించాను. జీసీసీ 8కి ముందు స్టాండర్డ్ థ్రెడ్ క్లాసులోనే అలాంటి క్యాచ్ ఉండేది. ఆ పాత కంపైలర్లు వాడుతున్నవాళ్లకి థ్రెడ్లలో పుట్టిన ఎక్సెప్షన్ల విషయంలో నేను చెప్పిన సుఖం ఉండదు.

ఇలాంటి పట్టికల వల్ల ఎక్సెప్షన్లకి ఖర్చు లేదంటుంటారు, ఆ మాట కూడా సగమే నిజం. ట్రైలోకి వెళ్లడానికి ఖర్చు లేదు. త్రో చేస్తే మాత్రం ఒక్కో ఫ్రేమ్‌కి పట్టికలో వెతుకులాట, అదీ రెండు విడతలుగా. అంతకుముందు ఏ అడ్రస్ ఏ లైబ్రరీదో తెలుసుకోవడానికి ఒక గ్లోబల్ లాక్ పట్టుకోవాల్సి వచ్చేది, చాలా థ్రెడ్లు ఒకేసారి త్రో చేస్తే అన్నీ దాని ముందు క్యూ కట్టేవి. 2022లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) 2.35, జీసీసీ 12 కలిసి ఆ లాక్‌ని తప్పించాయి. మా సర్వర్లలో కొన్ని ఇంకా పాత డిస్ట్రిబ్యూషన్ల మీదే ఉన్నాయి, అందుకని రిక్వెస్ట్ దారిలో త్రో చేయనివ్వం.

ప్రోగ్రాంలో సమయం ఎక్కడ పోతోందో కొలిచే ప్రొఫైలింగ్‌కి ఈ పట్టిక పనికిరాదని కూడా ఒప్పుకోవాలి. పెర్ఫ్ అనే ప్రొఫైలర్‌లో, ఈ పట్టికని వాడే డ్వార్ఫ్ పద్ధతి ఎంచుకుంటే ప్రతి శాంపిల్‌కీ స్టాక్‌లో ఒక ముక్కని కాపీ చేసుకుని తర్వాత తీరిగ్గా విప్పుతుంది, మామూలుగా 8 కిలోబైట్లు. భారం చాలా ఎక్కువ. ఫెడోరా 2023లో 38వ రిలీజ్‌తో, ఉబుంటు 24.04తో ఫ్రేమ్ పాయింటర్లని మళ్లీ తెచ్చుకున్నాయంటే కారణం ఇదే. కెర్నల్ తన సొంత స్టాక్ కోసం 2017లోనే 4.14లో ఆర్క్ అనే తేలికైన పట్టిక తయారుచేసుకుంది.

కాబట్టి నాలాగా సర్వర్ కోడ్ రాస్తూ, క్రాష్‌లని తర్వాత తీరిగ్గా విప్పే పనిలో ఉన్నవాళ్లకైతే, సైజు కోసం ఈ సెక్షన్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. చిన్న బోర్డుల మీద పనిచేసేవాళ్ల లెక్క వేరు. 32 బిట్ ఆర్మ్‌లో ఈ పని చేసేది వేరే రకం పట్టిక, సీ ఫైళ్లకి దాన్ని కంపైలరు అడిగితే తప్ప పెట్టదు. ఒక బయటి సీ లైబ్రరీకి మేమిచ్చిన కాల్‌బ్యాక్ (అది తిరిగి పిలిచే మా ఫంక్షన్) లోంచి లేచిన ఎక్సెప్షన్, సర్వర్‌లో ఆ సీ ఫ్రేముల్ని సాఫీగా దాటేది. బోర్డు మీద అదే కోడ్ నేరుగా టెర్మినేట్‌కి వెళ్లింది. లైబ్రరీ సోర్స్ మా దగ్గర లేదు, ఫ్లాగ్ పెట్టి మళ్లీ కంపైల్ చేసే దారి లేదు. ఇప్పుడు ఆ కాల్‌బ్యాక్ లోపలే ఎక్సెప్షన్‌ని పట్టుకుని ఎక్సెప్షన్ పాయింటర్‌లో దాచి, లైబ్రరీకి ఎర్రర్ కోడ్ ఇచ్చి, అది మా చేతికి తిరిగొచ్చాక మళ్లీ త్రో చేస్తున్నాం.