ఏసీ మెకానిక్ కావడానికి ఐటీఐ మేలా, షాపులో పని నేర్చుకోవడం మేలా?

పదో తరగతి ఫలితాలు వెలువడిన వారం నుంచి ఐటీఐ అడ్మిషన్లు ముగిసేవరకు, గుంటూరులోని నా సర్వీసు షాపుకు వచ్చే తల్లిదండ్రులు ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: పిల్లవాణ్ణి రెండేళ్ల ఐటీఐలో చేర్చాలా, నేరుగా మీ దగ్గర పనిలో పెట్టాలా? ఈ ఏడాది మా అన్నయ్య కొడుకు విషయంలో ఆ నిర్ణయం నేనే తీసుకోవలసి వచ్చింది. ఐటీఐ ముఖం చూడకుండా షాపులోనే పని నేర్చుకున్నవాణ్ణి కనుక ముందుగా షాపు పక్షాన చెప్పవలసింది చెబుతాను.

షాపులో చేరిన కుర్రవాడికి మొదటి నెల నుంచే ఎంతో కొంత డబ్బు చేతికి వస్తుంది. మార్చి నుంచి జూన్ వరకు మా ప్రాంతంలో ఒక హెల్పర్ చూసినన్ని యంత్రాలను ఐటీఐ విద్యార్థి రెండేళ్లలోనూ చూడలేడు. నాలుగో అంతస్తు గోడకు అవుట్‌డోర్ యూనిట్ బిగించడం, కంప్రెసర్ చప్పుడును బట్టి జబ్బు పట్టుకోవడం, కూలింగ్ రావడం లేదని కోపంగా ఉన్న ఇంటివారితో నెమ్మదిగా మాట్లాడటం తరగతి గదిలో వచ్చే విద్యలు కావు. పదిహేనేళ్ల క్రితం ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను సందేహం లేకుండా షాపే మేలని చెప్పేవాణ్ణి.

నా అభిప్రాయం మారడానికి కారణం ఏసీలో చల్లదనం కోసం నింపే గ్యాసు. మేము పని నేర్చుకున్నది ఆర్-22 కాలంలో, ఆ గ్యాసు మా పొరపాట్లను చాలావరకు ఓర్చుకునేది. కొత్త యంత్రాల తయారీలో దాని వాడకం 2024 చివరితో ముగియాలని మన దేశం నిర్ణయించుకుంది. ఇప్పుడు ఇళ్లకు వచ్చే కొత్త స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-32, కొన్నింటిలో ఆర్-290. ఆర్-22 యంత్రం నడుస్తున్నప్పుడు సక్షన్ వైపు, అంటే గ్యాసు కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే వైపు, ఒత్తిడి కొలిచే గేజ్ మామూలుగా 60-70 పీఎస్ఐ చూపితే, ఆర్-32లో అది 110-130 వరకు ఉంటుంది. ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉంది. ఆర్-290 అయితే వంటగ్యాసులోనూ ఉండే ప్రొపేనే. గాలిలో రెండు శాతం దాటి కలిస్తే చాలు, నిప్పు తగిలినప్పుడు అంటుకుంటుంది. పైపుల్లో మిగిలిన గ్యాసును పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో శుభ్రం చేయకుండా పైపులు అతికించే గ్యాసు టార్చి వెలిగించే అలవాటు ఉన్నవాడు పాత గ్యాసుతో బతికిపోయాడు, ఈ గ్యాసుతో ఆ భరోసా లేదు.

నేను పని నేర్చుకున్న చోట పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు ఉండేది కాదు. కొత్త పైపుల్లోని గాలిని కొంచెం గ్యాసు వదిలి బయటకు నెట్టేవాళ్లం. అంతకన్నా ఘోరం, లీకు పరీక్షకు నైట్రోజన్ బదులు వెల్డింగు సెట్టులోని ఆక్సిజన్‌నే ఎక్కించేవాళ్లం. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెను తాకితే పేలుడు జరగవచ్చన్న సంగతి పనిలో చేరిన ఆరేళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకు పని నేర్పిన మేస్త్రి చెడ్డవాడు కాదు, తాను ఎలా నేర్చుకున్నాడో మాకూ అలాగే నేర్పాడు. షాపు చదువులోని లోపం సరిగ్గా ఇక్కడే ఉంది: ఏం చేయాలో చూపుతారు కానీ ఎందుకు చేయాలో చెప్పేంత తీరిక సీజనులో ఎవరికీ ఉండదు, పైగా తప్పు కూడా పనితనంతో పాటే తరువాతి చేతికి అందిపోతుంది.

ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడు సిలబస్ ఈ ఎందుకు అన్నదానితోనే మొదలవుతుంది. కరెంటు, మోటార్లు, బ్రేజింగ్ (రాగి పైపులను వేడితో అతికించడం), లీకు పరీక్ష, వాక్యూమ్, గ్యాసు చార్జింగు వరుస క్రమంలో, తొందర లేకుండా వస్తాయి. ఇన్వర్టర్ ఏసీల్లో పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) జబ్బులు పెరిగిన ఈ రోజుల్లో, మల్టీమీటరుతో ఒక్కొక్క భాగాన్ని కొలిచి తేల్చుకోవడం అలవాటైన కుర్రవాడికీ, అనుమానం వచ్చిన ప్రతిసారీ బోర్డు మార్చేసే కుర్రవాడికీ తేడా నా షాపులోనే రోజూ చూస్తున్నాను.

సర్టిఫికెట్ విలువ దీని తరువాతి విషయమే అయినా చిన్నది కాదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు అర్హత ఉన్న ట్రేడుల్లో ఇదీ ఒకటి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో స్టైపెండుతో శిక్షణ పొందవచ్చు. బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. ఇళ్ల ఏసీ పని నాలుగు నెలల పంట, చలికాలంలో హెల్పర్‌కు జీతం ఇవ్వడానికి నాలాంటివాళ్లం ఇబ్బంది పడతాం. ఏడాది పొడవునా పని ఉండేది గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో, హైదరాబాదు జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీల్లో, పెద్ద ఆసుపత్రుల చిల్లర్ ప్లాంట్లలో, అంటే భవనమంతటికీ చల్లటి నీటిని తయారుచేసి పంపే ప్లాంట్లలో. చల్లదనానికి విషవాయువైన అమ్మోనియా వాడే ప్లాంటులో చిన్న పొరపాటు జరిగినా ప్రాణాల మీదికి వస్తుంది కనుక, చదువూ క్రమశిక్షణా ఉన్నవాడికే అక్కడ బాధ్యత అప్పగించడం న్యాయం. శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ ఏసీ ఫ్యాక్టరీలు వచ్చాక తయారీ వైపు కూడా మన పిల్లలకు దారి తెరుచుకుంది. గల్ఫ్ వెళ్లాలనుకునేవారికి పదో తరగతి పాసు కావడమే మొదటి మెట్టు. ఆ చదువు ఉంటే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ఉద్యోగానికి విదేశం వెళ్లేముందు తీసుకునే ప్రభుత్వ అనుమతి) బెడద ఉండదు. ఐటీఐలో ఈ ట్రేడుకూ పదో తరగతి పాసు తప్పనిసరి కనుక, తప్పిన పిల్లవాణ్ణి షాపుకు తీసుకువచ్చే తండ్రులకు ముందు సప్లిమెంటరీ రాయించమని చెబుతున్నాను.

మూడు నాలుగు నెలల స్వల్పకాలిక కోర్సులు ఇప్పటికే పనిలో ఉన్నవారికి ఉపయోగపడతాయి, కొత్తవారికి చాలవు. పాలిసెట్ రాసి చేసే మూడేళ్ల మెకానికల్ డిప్లొమా మంచిదే, అయితే అది సూపర్‌వైజరు ఉద్యోగాల వైపు నడిపించే చదువు, చేతిపనికి కాదు.

మావాణ్ణి ఐటీఐలోనే చేర్చాం. సెలవుల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, నా షాపులో పని చేయాలన్నది షరతు. చేర్చే ముందు మూడు ఐటీఐల వర్క్‌షాపులు స్వయంగా చూశాను. ఒకదానిలో పాత విండో ఏసీలు తప్ప ఏమీ లేవు, రెండోదానిలో వాక్యూమ్ పంపు బీరువాలో భద్రంగా ఉంది. మూడోదానిలో రెండో ఏడాది కుర్రవాణ్ణి ఎన్నిసార్లు బ్రేజింగ్ చేశావని అడిగితే, లెక్క గుర్తు లేదని చెప్పి కాలిన చొక్కా చేయి చూపాడు. అక్కడే ఫీజు కట్టాం. మీ ఊరికి అందుబాటులో మొదటి రెండు రకాలే ఉంటే మాత్రం, నైట్రోజన్ సిలిండరూ వాక్యూమ్ పంపూ రోజూ వాడే మంచి షాపును వెతికి పిల్లవాణ్ణి అందులో పెట్టమనే చెబుతాను.