కంప్యూటర్ నుంచి ఫ్యాక్స్: మోడెమా, ఆన్‌లైన్ సర్వీసా?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఫ్యాక్స్ ఇంకా తప్పడం లేదు. డాక్టర్ ఆఫీసు రికార్డులు అడుగుతుంది. ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖ) ఎస్‌ఎస్-4 ఫారం (వ్యాపారానికి పన్ను నంబరు అడిగే దరఖాస్తు) పంపడానికీ అదొక దారి. మెషీన్ కొనక్కర్లేదు, కంప్యూటర్ చాలు.

ఖర్చు: ఫ్యాక్స్ మోడెమ్ (కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే పరికరం) ఒక్కసారి కొంటే చాలు, విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్ ప్రోగ్రామ్ ఉచితం. కానీ ల్యాండ్‌లైన్ బిల్లు నెలనెలా కట్టాలి. ఆన్‌లైన్ సర్వీసుకు పేజీకో, నెలకో డబ్బు.

శ్రమ: మోడెమ్‌తో ఫ్యాక్స్ అందుకోవాలంటే కంప్యూటర్ ఆన్‌లోనే ఉండాలి. సర్వీసులో వచ్చినవి ఈమెయిల్‌లో పడతాయి.

రిస్క్ దగ్గరే అసలు విషయం. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైనుకు మోడెమ్ తగిలించకండి. మాటల్లో చిన్న ముక్క పోయినా మనకు అర్థమవుతుంది. ఫ్యాక్స్ సంకేతంలో పోతే పేజీ మధ్యలోనే తెగిపోవచ్చు. ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికే చేసిన టీ.38 పద్ధతి ఉన్న లైనైతే కొంత నయం. ఆన్‌లైన్‌లో టెన్షన్ వేరు: మీ సోషల్ సెక్యూరిటీ నంబరున్న కాగితం ముందు వేరేవాళ్ల సర్వర్‌కు చేరుతుంది. క్లినిక్‌లైతే హిప్పా (రోగుల సమాచారాన్ని కాపాడే అమెరికా చట్టం) ఒప్పందం రాసిచ్చే సర్వీసే తీసుకోవాలి.

ఏడాదికి రెండు మూడు ఫ్యాక్సులైతే, పేజీకి చెల్లించే సర్వీసే మేలు. రోజూ పంపుతూ, మంచి రాగి తీగ లైను ఉన్న ఆఫీసుకు మోడెమే నా ఓటు.