సుంకి ఘాట్‌లో ట్యూనింగ్ చేసిన లారీ: నాలుగు నెలల అనుభవం

విశాఖపట్నం నుంచి ఎరువుల బస్తాలు పైకి చేరవేసి, తిరుగు ప్రయాణంలో బియ్యం దించుకొచ్చే మా పది టైర్ల బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణాల) లారీకి ఒడిశాలోని జయపురం పొలిమేరలోని ఒక దుకాణంలో ఇంజన్ ట్యూనింగ్ చేయించాను. ఇరవై రెండు వేల రూపాయలు తీసుకున్నారు. కొరాపుట్, రాయగడ జిల్లాల్లోని మన తెలుగు లారీ యజమానులు ఈ పని గురించి తరచుగా అడుగుతున్నారు కనుక, నాలుగు నెలల్లో చూసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా దారి తెలిసినవారికి బండి లాగుడు పెంచుకోవాలనే ఈ ఆశ ఎందుకు పుట్టిందో చెప్పనక్కరలేదు. సాలూరు దాటాక మొదలయ్యే ఎక్కుడు సుంకి మీదుగా పొట్టంగి వైపు సాగి, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌కు చేరుస్తుంది. 2018లో ఇరుసు బరువు పరిమితి పెంచాక మూడు ఇరుసుల లారీ బండి బరువుతో కలిపి మొత్తం 28.5 టన్నుల వరకు తూగవచ్చు. అంత బరువుతో మలుపుల్లో రెండో గేరులో పాకుతూ, వెనుక బస్సు హారన్ మోగిస్తుంటే డ్రైవరు పడే అవస్థ నేను పక్కన కూర్చుని చూసినదే.

పని ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. కామన్ రైలు ఇంజన్‌లో (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఎంత డీజిల్, ఏ క్షణాన, ఎంత ఒత్తిడితో చిమ్మాలో నిర్ణయించేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. చవకరకం ట్యూనింగ్ పెట్టెలు ఆ గొట్టంలో ఒత్తిడి కొలిచే రైలు ప్రెషర్ సెన్సారుకూ ఈసీయూకూ మధ్య కూర్చుని, ఒత్తిడి తక్కువగా ఉందని దానికి అబద్ధం చెబుతాయి. అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. మా లారీకి చేసింది అది కాదు. డయాగ్నస్టిక్ సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, ఈసీయూలోని ఫైలును చదివి, డీజిల్ మోతాదు, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఒత్తిడి, టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పరిమితి అంకెలను మార్చి తిరిగి ఎక్కించారు. పెట్టెకంటే ఇది మెరుగైన పద్ధతి అనే ఇప్పటికీ అంటాను. దుకాణంలో ఈ పని చేసిన కుర్రవాడు మార్చకముందు అసలు ఫైలును భద్రపరచి నాకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అది ఎంత గొప్ప మేలో తరువాత తెలిసింది.

లాగుడు పెరిగిన మాట నిజం. సుంకి మలుపుల్లో రెండో గేరు పట్టే చోట మూడో గేరులో ఎక్కింది, ఘాట్ మీద దాదాపు పదిహేను నిమిషాలు కలిసొచ్చింది. మైలేజీ మాత్రం దుకాణంవారు చెప్పినట్టు పెరగలేదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంటాను కనుక ఖచ్చితంగా చెప్పగలను: లీటరుకు 3.8 కిలోమీటర్లు వచ్చేది 3.9 వచ్చింది. ఆ పాటి తేడా లోడు మారినా, గాలి మారినా వస్తుంది. శక్తి పెంచుకుని, ఆ శక్తి వాడుకుంటూ, డీజిల్ కూడా మిగలాలంటే ఎక్కడినుంచి మిగులుతుంది?

రెండో నెలలో మా డ్రైవరు ఒక మాట అన్నాడు. "బండి బాగా లాగతంది బాబూ, గానీ ఎనకాల పొగ సూత్తే నాకే సిగ్గేస్తంది, వేడి సూపే ముల్లు కూడా పైకే పోతంది." ముప్పై ఏళ్ళుగా ఘాట్ తోలుతున్నవాడి మాట కొట్టిపారేయలేం. సాలూరులో మాకు తెలిసిన మెకానిక్కు చేత టర్బోకు ముందు, ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే ఎగ్జాస్టు మానిఫోల్డులో వేడి కొలిచే మీటరు బిగించాను. నిండు లోడుతో మూడో గేరులో ఎక్కుతుండగా అది 740 డిగ్రీల సెల్సియస్ చూపించింది. 700 దాటి నిమిషాల తరబడి నిలిస్తే టర్బోకూ పిస్టన్లకూ ముప్పు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుందని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎందుకు భయపెట్టిందో అర్థమవుతుంది.

ఈ వేడికి కారణం రెండు వైపుల నుంచి వచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. కొరాపుట్ ఎత్తున సముద్రతీరం కంటే దాదాపు పదో వంతు తక్కువ సాంద్రత ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి టర్బో ముందే ఎక్కువ వేగంగా తిరుగుతుంటే, దానిపై మనం మరింత డీజిల్ పోశాం. గాలి చాలని డీజిల్ నల్లపొగగానూ వేడిగానూ మారింది. రెండోది మేము మురిసిపోయిన ఆ మూడో గేరే. రెండో గేరులో ఇంజన్ చురుగ్గా తిరిగి ఎక్కువ గాలి పీల్చుకుంటుంది. మూడో గేరులో తక్కువ ఆర్పీఎమ్‌తో, యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఈడ్చితే గాలి తగ్గి వేడి పెరుగుతుంది. అదే ఫైలుతో రెండో గేరులో ఎక్కించి చూశాం, 680కి దిగింది. గేరు ఒకటే మార్చితే అరవై డిగ్రీలు!

దుకాణంవారు ఈ సంగతి చెప్పవలసింది, చెప్పలేదు. చదునైన రోడ్డు మీద ఖాళీ బండి తోలి చూపి డబ్బు తీసుకున్నారు. ఘాట్ బండికి లోడుతో పరీక్షించకుండా, ఎగ్జాస్టు వేడి కొలవకుండా ఫైలు ఎక్కించడం నా దృష్టిలో సగం పని. మూడో నెలలో క్లచ్ ప్లేటు జారడం మొదలైంది. పాత టార్క్‌కు తగినట్టు తయారైన ప్లేటు కొత్త లాగుడును ఎంతకాలం మోస్తుంది? దాని ఖర్చు ట్యూనింగ్ ఖర్చు పక్కన వేసుకుంటే, కలిసొచ్చిన పదిహేను నిమిషాలు చాలా ఖరీదైనవి.

ఇక బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీలున్నవారికి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ బండ్లలో చాలావాటిలో 32.5 శాతం యూరియా ద్రావణం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటిగా మారుస్తుంది. యూరియా ఖర్చు తప్పించే ఫైలు కూడా ఉందని అదే దుకాణంలో నా ఎదుటే ఒక మిత్రుడికి చెప్పారు. నేను వద్దన్నాను. అమెరికాలో ఇలా కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేసిన డీజిల్ పికప్ ట్రక్కులు పదేళ్ళలో 5,50,000కు పైగా ఉన్నాయని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో లెక్కగట్టింది. ఆ దారి మనకు వద్దు. సుంకి మలుపుల్లో రోడ్డు పక్కన నడిచే ఆదివాసీ పిల్లలే మన పొగ పీలుస్తారు. చట్టం సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో ఇష్టం వచ్చిన మార్పులు ఒప్పుకోదు, 190వ సెక్షన్ కింద కాలుష్యానికి పది వేల రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెప్పని మార్పును ఎత్తి చూపవచ్చు.

నాలుగో నెలలో మళ్ళీ జయపురం వెళ్ళి మీటరు అంకెలు చూపించాను. కుర్రవాడు వాదించలేదు. తక్కువ శక్తి ఫైలు ఎక్కిస్తానన్నాడు, నేను అసలు ఫైలే కావాలన్నాను. అరగంటలో, రూపాయి తీసుకోకుండా తిరిగి ఎక్కించాడు. పనిలో నేర్పు, మాటలో మర్యాద ఉన్నాయి. కొలిచే అలవాటు ఒక్కటే లేదు. ఆ అలవాటు వచ్చేదాకా లోడుతో ఘాట్ ఎక్కే లారీని అక్కడికి తీసుకెళ్ళమని ఎవరికీ చెప్పను. మీటరు మాత్రం క్యాబిన్‌లోనే ఉంచాను. ఇప్పుడు రెండో గేరులో, నిండు లోడుతో అది 620 దాటడం లేదు, వెనుక అద్దంలో పొగ కనిపించడం లేదు.